గీతను చదువుట

కొలత తప్పినచో ధర్మము తప్పునని మన దేశమున పామరులు సైతము ఎఱుగుదురు. తూనికరాళ్లను అరగదీసిన వర్తకుని, కుంచము అడుగున మైనము మెత్తిన ధాన్యపు వ్యాపారిని నిందింపని పల్లె లేదు. అయితే ఈ నింద యంతయు పాత్రను గుఱించియు, పాత్రను చేతబట్టినవాని మనస్సును గుఱించియు మాత్రమే. పాత్ర నిక్కమైనది, మనుష్యుడు సత్యవంతుడు. అయినను కొలత తప్పగల మార్గ మొకటి కలదు. అది కన్ను. గాజుపాత్రమీద గీచిన గీతలలో ద్రవము ఏ గీత యొద్ద నిలిచినదో చూచి చెప్పుట మిక్కిలి సులభమని మనమందఱము అనుకొందుము. ఆ సులభమైన పనిని సరిగా చేయుటకు లోకము ఎట్లు నేర్చుకొనెనో, మన తెలుగునేలలో, అందును ఖమ్మము భద్రాచలముల అడవిసరిహద్దున నున్న సత్తుపల్లి సీమలో, ఆ పనితో ఎంతటి మేలుకీడులు ముడివడి యున్నవో ఈ వ్యాసమున నిరూపింప దలచితిమి.

మన పూర్వుల యిండ్లలో ద్రవములను కొలుచుటకు గీతలు లేవు, అంచులే యుండెను. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచము. పాలైనను, నూనెయైనను, నేయియైనను పాత్ర నిండినచో కొలత పూర్తియైనట్లే. అరసోల కావలసినప్పుడు సోలలో సగమువఱకు పోసి చూచువారు లేరు. అరసోల పాత్ర వేఱుగా నుండెడిది. ఈ పద్ధతిలో ఒక గొప్ప గుణము కలదు. అంచు గ్రుడ్డివానికిని తెలియును. చేతివ్రేలు తడిసినచో పాత్ర నిండినదని చీకటింటిలో ముసలమ్మ సైతము చెప్పగలదు. అక్షరము రానివారును, అంకెలు తెలియనివారును మోసపోకుండ బ్రతుకుటకు అంచుకొలత తోడ్పడినది. దీనిని తక్కువగా చూడరాదు.

కాని లోపములును అంతటివే. అంచు మీదుగా నూనె రవంత ఉబ్బి నిలుచును. నిండుటకును పొరలుటకును నడుమ నున్న ఆ ఉబ్బు ఎవరికి చెందవలెనను తగవు అమ్మువానికిని కొనువానికిని నిత్యము ఉండెను. పాలవాడు ఎత్తునుండి పోసినచో నురుగుతో సోల నిండును. నురుగు చల్లారిన పిదప పాలు అంచునకు వ్రేలెడు క్రిందికి దిగును. పాత్ర సొట్టపడినచో, అడుగు లోపలికి నొక్కబడినచో, చూచువారికి తెలియకయే కొలత తగ్గును. అన్నిటికంటె పెద్ద చిక్కు వేఱొకటి కలదు. ఒక ఊరి సోల వేఱొక ఊరి సోల కాదు. పేరొక్కటియే, పరిమాణము పలువిధములు.

సత్తుపల్లి ప్రాంతమువారికి ఈ చిక్కు మఱింత బాగుగ తెలిసి యుండవలెను. ఈ సీమ 1948 వఱకు నిజాము రాజ్యములోనిది. తూర్పుననున్న చింతలపూడి వైపును, దక్షిణముననున్న తిరువూరు వైపును మద్రాసు రాజధానిలోనివి. ఉత్తరమున గోదావరి కావలనున్న భద్రాచలము 1860 లో ఆంగ్లేయుల వశమై, కొంతకాలము మధ్యపరగణాలలో నుండి, 1874 లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరెను. ఒక దినపు బండిప్రయాణములో రూపాయి మాఱును. హాలీసిక్కా పోయి ఆంగ్లేయుల రూపాయి వచ్చును. రూపాయి మాఱినచో మనుష్యుడు మేల్కొనును, ఏలయన నాణెముమీద బొమ్మ వేఱు. సోల మాఱినచో మేల్కొనుట కష్టము, ఏలయన అంచుమీద ఏ బొమ్మయు ఉండదు. పేరు నమ్మి పరిమాణమును మఱచుట సరిహద్దు సంతలలో పుట్టిన పాతజబ్బు.

ఇంటిలో పాలునూనెల కొలత యిట్లుండగా, మన దేశమువారు అంతకంటె విలువైన వేఱొక ద్రవమును గూడ కొలువ ప్రయత్నించిరి. అది వాన. కౌటిల్యుని అర్థశాస్త్రపు తాళపత్రప్రతి మైసూరునందు 1905 లో ఆర్. శామశాస్త్రిగారి చేతబడి, 1909 లో ముద్రితమైనప్పుడు, అందలి విశేషములలో నొకటి పండితుల నాశ్చర్యపఱచెను. ధాన్యపు కొట్టారము నందు అరత్ని, అనగా మూరెడు, వెడల్పు నోరుగల పాత్రను వానకొలతకై నిలుపవలెనని అందు విధింపబడినది. ఏ దేశమున ఎన్ని ద్రోణముల వాన కురియునో పట్టికయు నీయబడినది. మెట్టదేశములకు 16 ద్రోణములు, అవంతికి 23 ద్రోణములు. గోదావరీతీరపు అశ్మకదేశమునకు వీనికంటె తక్కువ. అశ్మకదేశపు రాజధాని మన బోధన్ అని చరిత్రకారులలో పలువురి యభిప్రాయము. కావున తెలుగునేలతో సంబంధించిన వానలెక్కలలో మిక్కిలి పాతది ఇదియే యనవచ్చును.

ఈ పట్టికలో నొక చిన్న ముచ్చట మన విషయమునకు మిక్కిలి తగియున్నది. అశ్మకదేశమునకు చెప్పిన సంఖ్యను కొందఱు పదమూడున్నర ద్రోణములని అనువదించిరి. సంస్కృత సమాసమును అక్షరశః చూచినచో పండ్రెండున్నర యని తోచును. ‘అర్ధ’ మను మాట సంఖ్యకు ముందు వచ్చినప్పుడు సగము కలుపవలెనా, తీయవలెనా యనునదే సందేహము. కొలిచినవాడు సరిగా కొలిచి యుండవచ్చును. వ్రాసినవాడు సరిగా వ్రాసి యుండవచ్చును. చదువువారి యొద్దకు వచ్చునప్పటికి ఒక ద్రోణము తేడా. కొలత పాత్రలో ముగియదు, చదువుటలో ముగియును. ఈ సత్యము గ్రంథమునకును గాజునకును సమానమే.

మఱియొక సంగతి గమనింపుడు. కౌటిల్యుడు వానను ద్రోణములతో చెప్పెను. ద్రోణము ధాన్యమును ద్రవమును కొలుచు పరిమాణము, లోతు కాదు. మూరెడు నోటికి ఇన్ని ద్రోణములు పడినవని చెప్పుచో, వేఱొక వెడల్పు గల పాత్ర పెట్టినవానికి ఆ లెక్క పనికిరాదు. కొరియా దేశమున సేజోంగ్ రాజు కాలమున, 1441, 1442 సంవత్సరములలో, ఈ చిక్కు తీరెను. ఒకేవిధమైన స్తంభాకారపు పాత్రలను చేయించి, సీమలకు పంపి, పడిన నీటి లోతును కొలబద్దతో చూచి వ్రాయింపు మని ఆ రాజు శాసించెను. నిలువు గోడలు గల పాత్ర వెడల్పుదైనను ఇఱుకుదైనను ఒకే వానకు ఒకే లోతు నిండును. పాత్రతో పనిలేని సంఖ్య దొరకినది. రాజు తలచినది పన్నుల న్యాయము కొఱకే. వాన లేని సీమను వాన గల సీమతో సమానముగ పీడింపరాదు గదా.

అయినను లోతునకును ఒక లోపము కలదు. సన్నని జల్లు పడిన దినమున పాత్ర అడుగున రెండు మిల్లీమీటర్ల నీరు నిలిచినచో ఏ బద్ద దానిని చెప్పగలదు? ఇచ్చటనే గీతల గాజుపాత్ర లోకమునకు ఉపకరించెను. వెడల్పు నోటితో వానను పట్టి, ఇఱుకైన గాజుపాత్రలోనికి ఒంపినచో నీరు ఎత్తుగా నిలుచును. నోరు 200 చదరపు సెంటీమీటర్లు, గాజు లోపలి వైశాల్యము 10 చదరపు సెంటీమీటర్లు అనుకొనుడు. అప్పుడు ఒక మిల్లీమీటరు వాన గాజులో 20 మిల్లీమీటర్ల ఎత్తు నిలుచును. కంటికి కానరాని లోతు ఇరువది రెట్లు పెరిగి కానవచ్చును. గాజుమీద గీతలు గీచి, వానియెదుట వానలెక్క వ్రాసినచో గుణకారము చేయు శ్రమయు లేదు.

ఇట్టి గీతల గాజు మొదట వానకొఱకు పుట్టలేదు. బట్టల కొఱకు పుట్టెను. పదునెనిమిదవ శతాబ్దము చివర ఫ్రాన్సు దేశమున బట్టలను తెలుపుచేయు ద్రావకముల బలము తెలియక నేతబట్టలు కాలిపోవుచుండెను. 1790 ప్రాంతమున దెక్రొవజిల్ అను రసాయనజ్ఞుడు గీతలు గల గొట్టముతో ఆ ద్రావకముల బలమును పరీక్షించు పద్ధతిని కల్పించెను. 1824 లో గేలుసాక్ పండితుడు అట్టి పరికరములకు బ్యురెట్టు, పిపెట్టు అను పేర్లను వాడుకలోనికి తెచ్చెను. 1855 లో జర్మనీ దేశస్థుడు మోర్ ఈ విద్యపై పెద్ద గ్రంథమును ప్రకటించి, గొట్టము అడుగున రబ్బరునాళమును బిగించి చుక్కచుక్కగా విడుచు ఏర్పాటును ప్రచారము చేసెను. గీతల గాజు పండితుని బల్లమీద పుట్టినది కాదు, చాకిరేవున నష్టపోయినవారి యవసరమున పుట్టినదని మా చదువరులు జ్ఞాపక ముంచుకొందురు గాక.

వానకొలతను ఇంటింటి పనిగా చేసిన పుణ్యము ఇంగ్లండునందలి జార్జి జేమ్సు సైమన్సు అను వానిది. అతడు 1860 లో ఇంచుమించు నూట యరువది మంది పరిశీలకులతో ప్రారంభించి, 1900 లో తాను మరణించునాటికి మూడువేలకు పైగా పరిశీలకులను కూర్చెను. వీరు ఉద్యోగులు కారు. గ్రామపురోహితులు, వైద్యులు, ఉపాధ్యాయులు, గృహస్థులు, గృహిణులు. ప్రతిదినము ఒకే వేళకు పెరటిలోనికి పోయి, గాజులో నీరుపోసి, గీతను చదివి, పుస్తకమున వ్రాయుటయే వారు చేసిన దేశసేవ. వానపడని దినమున సున్న వ్రాయుటయు ఆ సేవలో భాగమే. అతని పేరుతోనే ఐదంగుళముల నోరుగల వర్షమాపకము మన దేశమునకును వచ్చెను. 1875 లో భారత వాతావరణశాఖ ఏర్పడిన పిదప వానలెక్కలు దేశమంతటికి ఒకే పద్ధతిలోనికి రాసాగెను. తాలూకా కచేరి ఆవరణలో కంచెనడుమ నిలిచిన ఆ చిన్న పాత్రయే పల్లెటూరివారు ఎఱిగిన మొదటి శాస్త్రపరికరము. అంగుళములో నూఱవవంతును చూపు గీతలు ఆనాటి గాజుమీద నుండెను. నేడు మిల్లీమీటర్లు వచ్చినవి, పాత్రనోరు 100 గాని 200 గాని చదరపు సెంటీమీటర్లుగా మాఱినది.

ఇక ఆ గీతను చదువు విధానమును విచారింతము. గాజులో పోసిన నీటిపై భాగము సమముగ నుండదు. గాజును నీరు అంటుకొని అంచులయందు పైకెగబ్రాకును. నడుమ క్రిందికి వంగును. ప్రక్కనుండి చూచినచో నెలవంకను వెల్లకిల పరుండబెట్టినట్లుండును. శాస్త్రజ్ఞులు దీని నడిమి అడుగునే లెక్కగా గైకొనవలెనని నిర్ణయించిరి. అంచులను చూచి చదివినవాడు లేని వానను వ్రాసినవాడగును. పాదరసము గాజును అంటదు గావున దాని వంపు బోర్లించిన నెలవంక. అచట శిఖరమును చదువవలెను. పాలవంటి చిక్కని ద్రవములో అడుగు కానరాదు గావున పై అంచునే పట్టుకొందురు. ఏది చదివినను ఆదినుండి అంతమువఱకు ఒక్క పద్ధతినే పాటింపవలెను.

రెండవది కన్ను నిలుపు చోటు. గీత గాజు ముందటి ముఖమున నున్నది; నీటి అడుగువంపు గాజు నడుమ నున్నది. ఈ రెంటికిని ఎడము కలదు. కంటిని పైనుండి వంచి చూచినచో చూపు ముందటి ముఖమును వంపుకంటె ఎత్తున దాటును. అందువలన ఉన్నదానికంటె హెచ్చుగీత కనబడును. క్రిందినుండి తలయెత్తి చూచినచో తక్కువగీత కనబడును. కన్ను, గీత, వంపు మూడును ఒకే మట్టమున నున్నప్పుడే నిజము తెలియును. గాజును చేతబట్టి ఎత్తి చూచుట కొందఱి యలవాటు. చేయి వంకరయైనచో నీరు గాజున వంకరగ నిలుచును. సమమైన బల్లమీద గాజును నిలిపి, మనమే మోకాళ్లపై వంగవలెను. గాజును మన కంటికి తెచ్చుట కాదు, మన కంటిని గాజుకడకు తీసికొనిపోవుట.

మూడవది మనస్సు చేయు మోసము. సున్నతోను ఐదుతోను ముగియు అంకెలమీద మనుష్యునికి పక్షపాతము. మన జనాభాలెక్కలలో వయస్సు చెప్పిన ముసలివారిలో అరువది, అరువదియైదు, డెబ్బది యేండ్లవారు విశేషముగ కనబడుటకును, అరువదియొకటి, అరువదితొమ్మిది యేండ్లవారు అరుదగుటకును కారణ మిదియే. వానగాజును చదువువాడును అట్లే తొమ్మిదిని పదిగాను, ఆఱును ఐదుగాను దిద్దుకొనును. అబద్ధమాడవలెనని అతని తలంపు కాదు. గుండ్రని అంకె నోటికి హాయిగ నుండును, అంతే. నాలుగవది జతతప్పుట. ఒక వర్షమాపకమునకు చేసిన గాజు వేఱొక నోరుగల మాపకమునకు పనికిరాదు. 200 చదరపు సెంటీమీటర్ల నోటికి గీచిన గాజును 100 చదరపు సెంటీమీటర్ల నోటితో వాడినచో పడిన వానలో సగమే వ్రాయబడును. గీత నిజమే, కన్ను నిజమే, అయినను లెక్క అబద్ధము. గాజు పగిలిన దినమున ఏదో యొక గాజు తెచ్చి వాడినచో జరుగు ననర్థ మిది.

ఇంత సన్నని విచారణ యేల, గోరంత తేడాకు లోకము మునుగునా యని కొందఱు నవ్వవచ్చును. వారికి లెక్కయే యుత్తరము చెప్పును. ఒక చదరపు మీటరుమీద ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు నీరు. ఎకరముమీద అదియే నాలుగువేల లీటర్లకు పైబడును. ఒక చదరపు కిలోమీటరుమీద పది లక్షల లీటర్లు. సత్తుపల్లి చెంత బేతుపల్లి పెద్దచెరువు కలదు. చెరువుకు నీరిచ్చు నేల అంతటికిని వానను అంచనావేయువారికి ఆధారము ఒక చిన్న గాజులోని గీతలే. గాజులో గోరంత, చెరువులో కొండంత. ఖమ్మము మండలపు ఎగువభూములలో పుట్టిన తమ్మిలేరు చింతలపూడి ప్రాంతము మీదుగా సాగి, ఏలూరు దాటి కొల్లేటిలో కలియుచున్నది. ఎగువ అడవిలో రాత్రి కురిసిన వాన దిగువ పట్టణమునకు వఱద. ఎగువవాడు చదివిన గీత దిగువవాని యింటి గడపకు సంబంధించినది.

న్యాయమునకును గీతతో సంబంధము కలదు. మన దేశమున ఒక దినమున 2.5 మిల్లీమీటర్లు గాని అంతకుమించి గాని వాన పడిననే ఆ దినము వానదినముగ లెక్కకు వచ్చును. 2.4 వ్రాయబడినచో అది లెక్కకు రాదు. ఋతువు మొత్తమున సగటుకంటె నూటికి 20 వంతులు తగ్గినచో ఆ సీమ లోటువాన సీమ యనబడును. 19 అయినచో సాధారణమే. కఱవుమండలములను ప్రకటించునప్పుడు ఈ లెక్కలే ఎదుట నుంచబడును. ప్రత్తి, మిరప ఎండిపోయిన రైతు గతి ఒక గీత కావలనో ఈవలనో తేలుచున్నది. అట్టివేళ గుండ్రని అంకెను వ్రాసినవాడు తెలియకయే తీర్పు చెప్పినవాడగుచున్నాడు. సత్తుపల్లిలో సింగరేణివారి తెఱపి బొగ్గుగనులున్నవి. అచట వాన ఎక్కువైనచో గనిలో నీరు నిండి పని నిలుచును. వాన కొలత వారికి కూలికి సంబంధించిన సంగతి.

గోదావరియొడ్డున గీతను చదువుట యెంత గంభీరమైన పనియో భద్రాచలమువారిని అడుగవలెను. అచటి నీటిమట్టము 43 అడుగులైనచో మొదటి హెచ్చరిక, 48 అయినచో రెండవది, 53 అయినచో మూడవది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు ఎక్కెను. 2022 జులైలో 71.3 అడుగులు దాఁక వచ్చెను. కొలబద్ద నదిలో నిలుచుటకును, గాజు బల్లమీద నిలుచుటకును భేదము లేదు. నది కెరటము ఎగసినప్పుడు చదివినవాడు ఎక్కువ చెప్పును, దిగినప్పుడు చదివినవాడు తక్కువ చెప్పును. రెంటి నడుమను పట్టుకొన్నవాడే సరిగా చెప్పును. ఆ ఒక్క అంకెను విని వేలకొలది జనులు పిల్లలతో పశువులతో కదలుదురు, లేదా కదలక యుందురు.

ఇచట నొక వింత కలదు. మన దేశమున 1956 లో తూనికలు కొలతల చట్టము వచ్చెను; 1958 అక్టోబరు మొదలుకొని అంచెలంచెలుగా మీటరు, లీటరు, కిలోగ్రాముల పద్ధతి అమలై 1962 నాటికి శేరు, వీసె, అంగుళము చట్టమునుండి తొలగిపోయెను. అయినను గోదావరిని నేటికిని అడుగులతోనే చెప్పుకొందుము. జనుల భయమునకును ధైర్యమునకును ముడిపడిన అంకె త్వరగా మాఱదు. దానిని తప్పుపట్టుటయు మాకు ఇష్టము కాదు. మేము చెప్పదలచినది ఇంతే: చట్టము గీతలను మార్చగలదు, గీతలను చదువు కన్నును మార్చలేదు. లీటరునే చూడుడు. 1901 నుండి ఒక కిలోగ్రాము నీరు ఆక్రమించు చోటునకు లీటరని నిర్వచన ముండెను. తీరా చూడగా అది ఘన డెసిమీటరుకంటె పదిలక్షలలో 28 వంతులు హెచ్చని తేలెను. 1964 లో ఆ నిర్వచనమును విడిచి, లీటరనగా సరిగా ఒక ఘన డెసిమీటరేయని నిర్ణయించిరి. పదిలక్షలలో 28 వంతులకై పండితులు సభదీర్చిరి. మన యింటిలో అయిదింట ఒకవంతు తప్పినను మనము చలింపము.

యంత్రములు వచ్చినవి గదా, ఇక కన్నుతో పనియేమి యని యడుగువారును కలరు. తెలంగాణమున నేడు మండలములందు తమంతట తామే వానను లెక్కించి కబురుపంపు యంత్రములు నెలకొల్పబడినవి. నీరు నిండినప్పుడెల్ల ఒక చిన్న దొప్ప ఒరగి లెక్కపెట్టు పద్ధతి వీనియందు తఱచుగ వాడుదురు. ఆ ఊహ పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులోని క్రిస్టఫర్ రెన్ కు తోచినదే. కాని దొప్పలో ఆకు పడినను, సాలీడు గూడుకట్టినను యంత్రము నోరెత్తదు. సున్న పంపుచునే యుండును. అది నిజము పలుకుచున్నదో లేదో తెలియుటకు ఎవరో యొకరు కొలజాడీలో సరిగా కొలిచిన నీటిని దానిలో పోసి చూడవలెను. యంత్రమునకు సాక్షి గాజే, గాజునకు సాక్షి కన్నే.

ఇది ప్రభుత్వోద్యోగుల పని, మన కేమి యని గృహస్థులు తొలగిపోరాదు. నేడు ప్రతి యింటను గీతల పాత్ర యొకటి కలదు. పసివానికి జ్వరము వచ్చినప్పుడు మందుసీసాతో వచ్చు చిన్న మూతగిన్నెయే అది. తల్లి నిలుచుండి, దీపము వెలుతురున, ఏడ్చు బిడ్డను చంకనుంచుకొని, పైనుండి వంగి గీతను చూచును. పైనుండి చూచినవారికి మందు గీతను తాకకమునుపే తాకినట్లు తోచునని మీఁద చెప్పితిమి. అందువలన బిడ్డకు మందు తక్కువ పడును. గిన్నెను తలకంటె ఎత్తునకు ఎత్తి చూచినచో మందు ఎక్కువ పడును. మఱి కొందఱు గిన్నెను విడిచి చెంచాను వాడుదురు. అయిదు మిల్లీలీటర్లని పేరే గాని ఇంటింటి చెంచా వేఱు. ఊరూరి సోల వేఱుగా నుండిన పాతజబ్బు వంటింటిలో మిగిలియున్నది. పిల్లల జ్వరమునకిచ్చు పారాసిటమాల్ మందే అయిదు మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు కలదియు, 250 కలదియు అంగడిలో దొరకును. చుక్కలుగా వచ్చునది ఒక్క మిల్లీలీటరునకే 100. సీసా మాఱినప్పుడు పాతగీతనే నమ్మినచో ఏమగునో వేఱుగ చెప్పనక్కఱలేదు. గాజు జత తప్పిన వర్షమాపకపు కథయే ఇదియు.

ఈ విషయమున విదేశములును మనకంటె మిక్కిలి ముందున్నవని తలంపరాదు. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘము చెంచాల లెక్క మాని మిల్లీలీటర్ల లెక్కనే వ్రాయవలెనని 2015 లో గట్టిగా చెప్పవలసివచ్చెను. మఱుసటి యేట అచట తలిదండ్రులను పరీక్షింపగా, మూతగిన్నెతో కొలిచినప్పుడు కలిగిన పొరపాట్లు సూదిలేని పిచికారితో కొలిచినప్పటికంటె పెక్కురెట్లు హెచ్చని తేలెను. కారణము స్పష్టము. గిన్నె వెడల్పుది, పిచికారి ఇఱుకుది. వెడల్పు పాత్రలో గీతకు గీతకు నడుమ ఎడము తక్కువ, ఇఱుకుదానిలో ఎక్కువ. వానను ఇఱుకుగాజులోనికి ఒంపినవారి యుక్తియే బిడ్డ మందునకును యుక్తి.

పొలమునను ఇదే సంగతి. ప్రత్తికి, మిరపకు, మామిడికి పురుగుమందు కొట్టు రైతు ఎకరమునకు ఇన్ని మిల్లీలీటర్లని విని, సీసామూతతో ‘రెండు మూతలు’ అని కొలిచి పోయును. మూత అంచుకొలత; అదియును సీసాకొక తీరు. ఎక్కువైనచో డబ్బు, నేల, కూలివాని ఊపిరి చెడును. తక్కువైనచో పురుగు చావక మందునకు అలవాటుపడును. ఇంటిలో పది రూపాయల కొలజాడీ లేకపోవుట పేదఱికము కాదు, అలవాటు లేకపోవుట.

మా మనవి కష్టమైనదేమియు కాదు. సత్తుపల్లి వంటి సీమలలో ప్రతి బడియందును ఒక వర్షమాపకము నిలుపవచ్చును. ఉదయము ఎనిమిదిన్నరకు, అనగా దేశమంతట వాన చదువు వేళకు, ఇద్దఱు బాలబాలికలు వేఱువేఱుగా గీతను చదివి, ఒకరి అంకె ఒకరికి చెప్పక వ్రాసి, పిదప పోల్చుకొనవలెను. అంకెలు కలియకున్నచో మఱల చూడవలెను. ఎవరు పెద్దవారో చూడరాదు. గురువుగారి అంకెకైనను గాజుముందు గౌరవము ఒక్కటియే. ఇట్లు ఏడాది చేసిన బాలిక తల్లియైన దినమున మందుగిన్నెను బల్లమీద నుంచి, కూర్చుండి, కంటిమట్టమున చూచును, ఎవరును చెప్పనక్కఱలేదు. ఇంటిలో నేడే చేయదగినది ఇంకను సులభము: మందు కొలుచునప్పుడు గిన్నెను సమమైన చోట నుంచుట, దీపమును దగ్గఱకు తెచ్చుట, సీసామీది బలమును చదువుట, కూర్చుండి చూచుట.

మన పెద్దలు అంచుతో కొలిచినప్పుడు న్యాయము వ్రేలికొనయందుండెను. చీకటిలోనైనను అది తప్పలేదు. గీత వచ్చినప్పుడు న్యాయము కంటికి చేరినది. వ్రేలికి నేర్పవలసిన పని లేకుండెను, కంటికి నేర్పవలసియున్నది. ఆ చదువునకు పెద్ద పుస్తకము అక్కఱలేదు. గాజు, నీరు, వెలుతురు, వంగుటకు సిద్ధముగ నున్న మోకాళ్లు చాలును.